ఒమన్‌లో ఏముందంటారా? నీళ్ల వెంట తిరగండి

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మా ఆయన పదకొండేళ్లుగా మస్కట్‌లో ఏసీ టెక్నీషియన్‌గా చేస్తున్నారు. ఈ జనవరిలో నన్నూ, పన్నెండేళ్ల మా పాపనూ విజిట్ వీసా మీద 12 రోజులకు పిలిపించుకుంటున్నారు. ఆయనకు శుక్రవారం ఒక్కటే సెలవు. బతిమాలితే ఇంకో నాలుగు రోజులు లీవు ఇస్తామన్నారట. అక్కడ చూడ్డానికి ఏమున్నాయని అడిగితే, "ఏముంటాయి, ఇసుక, ఎండ, రోడ్లు" అంటున్నారు. అంత దూరం పోయి గదిలో కూర్చుని రావాలా? ఎక్కువ ఖర్చు పెట్టుకోలేం. నాకు ఎత్తులంటే భయం, పాపకు ఈత రాదు. ఎక్కడెక్కడికి వెళ్లొచ్చో కాస్త చెప్పండి. బట్టలు, తిండి సంగతి కూడా.

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఆయన అబద్ధం చెప్పలేదు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, ఎండలో మేడల మీద ఏసీలు బిగించి, చీకటి పడ్డాక గదికి చేరే మనిషికి ఆ దేశం అంతే కనిపిస్తుంది. నేను మస్కట్‌లో, నిజ్వాలో కలిపి తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదటి మూడేళ్లు నాకూ గది, ఆఫీసు, మస్కట్‌లోని రూవీ పేటలో కూరగాయల కొట్టు, శుక్రవారం ఇంటికి ఫోను, అంతే. చెల్లి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. అలాంటప్పుడు పెట్రోలు పోయించుకుని కొండలు చూడ్డానికి పోవడమంటే తప్పు చేస్తున్నట్టు ఉండేది. ఆయనకూ అలాగే అనిపించి ఉంటుంది. అందుకే ఇది మీ ఇద్దరి కోసమే కాదు, ఆయన కోసం కూడా అనుకుని ప్లాన్ చేసుకోండి. పదకొండేళ్లు ఉన్న దేశాన్ని ఆయన మొదటిసారి చూడబోతున్నారు.

లీవు సంగతి ముందు తేల్చుకోండి. నాలుగు రోజులూ విడివిడిగా వద్దు. గురువారం, మధ్యలో వారాంతపు శుక్రవారం, తర్వాత శని, ఆది, సోమ. ఇలా తీసుకుంటే వరసగా ఐదు రోజులు వస్తాయి. ఒమన్‌ను చూడ్డానికి అవి బాగానే సరిపోతాయి.

ఇక ఎక్కడికి వెళ్లాలంటే, నా సలహా ఒక్కటే. నీళ్లు ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి. ఎడారి దేశంలో మనుషులు ఎలా బతికారో నీళ్ల దగ్గరే తెలుస్తుంది. మీది చెరువులున్న ఊరే కాబట్టి అక్కడ కనిపించేవి మీకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గురువారం పొద్దున్నే బయల్దేరి నిజ్వా దారి పట్టండి. మస్కట్ నుంచి దాదాపు 160 కిలోమీటర్లు, రోడ్డు అద్దంలా ఉంటుంది. నిజ్వాకు కాస్త ముందు బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరొస్తుంది. అక్కడ తప్పకుండా దిగండి. పాత మట్టి ఇళ్లు కొండవాలు మీద కూలిపోయి కనిపిస్తాయి. వాటి కింద ఖర్జూర తోటలు, తోటల మధ్యలో ఫలజ్. ఫలజ్ అంటే కాలువే. అయితే అది చెరువులోంచో నదిలోంచో వచ్చేది కాదు. కొండ అడుగున భూమి లోపలున్న నీళ్లను వెతికి పట్టుకుని, సొరంగం తవ్వి, మోటారు లేకుండా, వాలు మీదే కిలోమీటర్ల కొద్దీ ఊళ్లోకి నడిపించుకొస్తారు. ఇప్పటికీ ఇలాంటివి దాదాపు 3,000 పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బిర్కత్ అల్ మౌజ్‌లో పారే ఫలజ్ అల్ ఖత్మైన్ ఆ ఐదింటిలో ఒకటి. నిజ్వా పక్కన పారే ఫలజ్ దారిస్ ఇంకొకటి.

నేను నిజ్వాకు బదిలీ అయిన కొత్తలో ఒక సాయంత్రం ఇలాగే తోటల్లో నడుస్తుంటే ఒక పెద్దాయన కనిపించాడు. దిష్‌దాషా, అంటే ఒమనీ మగవాళ్లు వేసుకునే పొడుగు అంగీ, మోకాళ్ల దాకా ఎగదోపుకుని కాలువలో నిలబడ్డాడు. గుడ్డ చుట్టిన రాయి ఒకటి పక్క కాలువ నోటికి అడ్డం పెట్టి ఉంది. దాన్ని తీసి పెద్ద కాలువకు అడ్డం పెట్టాడు. నీళ్లు మెల్లగా మలుపు తిరిగి ఆయన ఖర్జూర చెట్ల పాదుల్లోకి వెళ్లాయి. నేను అక్కడే ఆగిపోయాను. మా నాన్న పార పట్టుకుని మడవ తిప్పేవాడు, అచ్చం అలాగే, అదే నడుం వంపుతో. ఆ పెద్దాయన నన్ను చూసి నవ్వి, జేబులోంచి నాలుగు ఖర్జూరాలు తీసి చేతిలో పెట్టాడు. నాకు అరబ్బీ నాలుగు ముక్కలే వచ్చు. ఆయనకు హిందీ కాస్త వచ్చు. ఆ కాస్తతోనే గంటసేపు మాట్లాడుకున్నాం.

ఆయన చెప్పిందంతా మన నీరటికాడి లెక్కే. ఎవరి తోటకు ఎంతసేపు నీళ్లు అనేది తరతరాలుగా రాసి పెట్టిన వాటా. ఒక్కో వాటాను అథర్ అంటారు, సుమారు అరగంట. పగలు నేలలో పాతిన కర్ర నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతులు మార్చుకునేవాళ్లు. ఇప్పుడు గడియారాలు వచ్చాయి. కాలువ వ్యవహారాలు చూడ్డానికి ఒక పెద్దమనిషి ఉంటాడు, ఆయన్ని వకీల్ అంటారు. ఊళ్లోకి వచ్చిన నీళ్లు మొదట తాగడానికి, తర్వాత మసీదుకు, స్నానాలకు, ఆ తర్వాతే తోటలకు. అందుకని ఊరి పైభాగంలో కాలువలో కాళ్లు పెట్టకూడదు. కింది భాగంలో పిల్లలు ఆడే చోట పెట్టుకోవచ్చు. పాపను అక్కడ కూర్చోబెట్టండి. వేలెడంత చేపలు వచ్చి పాదాలు గీకుతాయి. దీనికి పైసా టికెట్ లేదు.

ఆ సాయంత్రమే నిజ్వా కోట చూసేయండి. టికెట్ కొంచెం ఎక్కువే, అయినా పెట్టండి. 1650ల్లో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన కోట ఇది. పోర్చుగీసు వాళ్లను మస్కట్ నుంచి 1650లో వెళ్లగొట్టింది కూడా ఆయనే. మధ్యలో ఉన్న గుండ్రటి బురుజు కట్టడానికి 12 ఏళ్లు పట్టిందంటారు. ఫిరంగి దెబ్బలు తట్టుకోవాలని దాని కింది భాగమంతా మట్టీ రాళ్లతో నింపేశారు. పైకి పోయే మెట్ల దారి మలుపులు తిరుగుతూ ఉంటుంది. తలుపుల పైన కంతలు ఉంటాయి. శత్రువు లోపలికి దూరితే వాటిలోంచి మరిగే ఖర్జూర పాకం పోసేవాళ్లట. బస్తాలు పేర్చి ఖర్జూరాల నుంచి పాకం కారేలా చేసిన గదిని కూడా చూడొచ్చు, నేల మీద పాకం పారే గాడులు ఉంటాయి. ఎత్తుకు భయపడక్కర్లేదు, గోడలు గట్టిగా నిలువెత్తు ఉన్నాయి.

శుక్రవారం పొద్దున ఏడింటికల్లా కోట పక్కనున్న సంతకు చేరాలి. ఇది మేకల సంత. మన సంతల్లో మేకలు ఒక చోట కట్టేసి ఉంటాయి, కొనేవాళ్లు చుట్టూ తిరుగుతారు. ఇక్కడ తిరగేసి ఉంటుంది. కొనేవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు, నిలబడతారు. అమ్మేవాళ్లు మేకను తాడు పట్టుకుని మధ్యలో తిప్పుతూ ధర అరుస్తారు. నచ్చినవాడు చెయ్యెత్తి ఆపుతాడు, పళ్లు చూస్తాడు, పొదుగు చూస్తాడు, బేరం మొదలవుతుంది. బుర్ఖా వేసుకుని, ముఖానికి గట్టి ముసుగు తగిలించుకున్న బెదూ (ఎడారి తెగల) ఆడవాళ్లు కూడా వచ్చి గట్టిగా బేరమాడతారు. వాళ్లను ఫోటో తీయొద్దని పాపకు ముందే చెప్పండి. మొగవాళ్లనైనా అడిగే తీయాలి. తొమ్మిది దాటితే సంత పలచబడుతుంది.

మధ్యాహ్నం నమాజు వేళకు అంగళ్లు మూస్తారు. ఆ టైంకు మిస్ఫత్ అల్ అబ్రియీన్ వైపు వెళ్లిపోండి. కొండ మీద రాయి, మట్టి కలిపి కట్టిన ఊరు, ఇళ్ల మధ్య సందుల్లోంచి ఫలజ్ పారుతుంటుంది. మెట్లు ఎక్కువ, నెమ్మదిగా దిగండి. అందరూ చెప్పే జెబెల్ షమ్స్ దగ్గర్లోనే ఉంది. అది 3,000 మీటర్ల కొండ, పక్కనే దాదాపు కిలోమీటరు లోతు లోయ. మీకు ఎత్తులంటే భయం కదా, వద్దు. భయం పట్టుకుని అంచు దగ్గర నిలబడి ఏం చూస్తారు. జెబెల్ అఖ్‌దర్ అనే ఇంకో కొండను కూడా ఈసారికి వదిలేయండి. అక్కడి గులాబీ తోటలు పూసేది మార్చి చివర, ఏప్రిల్‌లో. పైగా ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేకపోతే చెక్‌పోస్టులో పైకి వదలరు.

శనివారం నిజ్వా నుంచి తూర్పుకు తిరిగి బిదియా వెళ్లండి. మీ ఆయన చెప్పిన ఇసుక ఇదే. షర్ఖియా ఇసుక తిన్నెలు, పాతపేరు వహీబా. ఉత్తరం నుంచి దక్షిణానికి 180 కిలోమీటర్లు, కొన్ని తిన్నెలు వంద మీటర్ల ఎత్తు. లోపలి క్యాంపుల్లో పడుకోవాలంటే ఖర్చవుతుంది. మీకు అంత అవసరం లేదు. బిదియాలో ఇళ్లు, తోటలు అయిపోయిన చోటే తిన్నెలు మొదలవుతాయి. సాయంత్రం నాలుగున్నరకు అక్కడ చెప్పులు వదిలేసి ఒక తిన్నె ఎక్కండి. రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారుతుంది, పాపకు భలే ఆటగా ఉంటుంది. పొద్దు గుంకేటప్పుడు ఇసుక రంగు మారడం చూసి, చీకటి పడకముందే దిగేయండి. మామూలు కారును ఇసుకలోకి మాత్రం దించనివ్వకండి. టైర్లలో గాలి తగ్గించి నడపడం తెలిసినవాళ్లే నడపాలి. లేకపోతే అక్కడే దిగబడి రాత్రంతా టెన్షన్.

ఆదివారం వాదీ బనీ ఖాలిద్. వాదీ అంటే వాగు. చాలా వాగులు ఏడాదిలో పది రోజులు పారి మిగతా రోజులు రాళ్లు తేలి ఉంటాయి. ఇది మాత్రం ఏడాది పొడుగునా నిండుగా ఉంటుంది. కొండల మధ్య పచ్చటి మడుగులు, గట్టున ఖర్జూర చెట్లు. కారు దాదాపు నీళ్ల దాకా పోతుంది, కొద్దిగా నడిస్తే చాలు. కానీ చెల్లెమ్మా, ఒక్కటి గట్టిగా చెబుతున్నా. ఆ నీళ్లు చూడ్డానికి మోకాలి లోతు ఉన్నట్టే ఉంటాయి. రెండడుగుల్లో నిలువెత్తు లోతు. రాళ్ల మీద పాకుడు. అక్కడ మునిగిపోయినవాళ్లు ఉన్నారు. ఈత రాని పాపను గట్టున రాతి మీద కూర్చోబెట్టి కాళ్లు తడుపుకోనివ్వండి, అంతకంటే లోపలికి వద్దు. ఇదే కారణానికి వాదీ షాబ్ కూడా మీకు చెప్పడం లేదు. పడవలో దాటి, ముప్పావు గంట నడిచి, చివర్లో ఈదితే గానీ దాని అసలు అందం కనపడదు.

ఇంకో మాట. ఆకాశంలో మబ్బు కనిపించినా, వానని వార్తల్లో చెప్పినా వాగుల దగ్గరికి వెళ్లకండి. మీరున్న చోట చుక్క పడకపోయినా పై కొండల్లో కురిసిన వాన అరగంటలో గోడలా వచ్చేస్తుంది. 2024 ఏప్రిల్‌లో అలాంటి వరదల్లో బడిపిల్లలు కూడా కొట్టుకుపోయారు. పారే వాగులో కారు దించితే పోలీసులు కేసు పెడతారు.

అక్కడి నుంచి సాయంత్రానికి సూర్ చేరతారు. సముద్రం ఒడ్డున తెల్లటి ఇళ్ల ఊరు. చెక్క ఓడలు కట్టడంలో పేరున్నది. ఇప్పటికీ ఒక కార్ఖానాలో ఓడలు చేతితో చెక్కుతున్నారు. పూర్వం టేకు దుంగలు మన మలబారు తీరం నుంచి వచ్చేవి. 1951లో కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే ఓడను ఊళ్లో నిలబెట్టి ఉంచారు, దాని పక్కన పాప ఫోటో తీయండి. ఇక్కడి నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు పోతే రాస్ అల్ జింజ్. పచ్చ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే తీరం. చాలామంది వెళ్లమంటారు. నేను మాత్రం మిమ్మల్ని తొందరపెట్టను. తాబేళ్లు ఎక్కువగా వచ్చేది మే నుంచి సెప్టెంబరు దాకా. జనవరిలో కొన్ని రాత్రులు ఒక్కటీ రాదు. టికెట్ డబ్బు పెట్టి, రాత్రి నిద్ర పాడుచేసుకుని, ఖాళీ ఇసుక చూసి వస్తే పాప చిన్నబోతుంది. వెళ్లాలనే అనుకుంటే ముందు ఫోన్ చేసి, ఈ వారం వస్తున్నాయా అని కనుక్కుని వెళ్లండి. ఫోన్ లైటు వెయ్యకూడదు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగును బట్టే సముద్రం ఎటో తెలుసుకుంటాయి, మన లైటు చూసి దారి తప్పుతాయి.

సోమవారం తీరం వెంట మస్కట్‌కు తిరుగు ప్రయాణం. దాదాపు 200 కిలోమీటర్లు, ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. దారిలో బిమ్మా దగ్గర నేల ఒక్కసారిగా కుంగి ఏర్పడ్డ గుండ్రటి గొయ్యి, అడుగున నీలాకుపచ్చ నీళ్లు. చుక్క రాలి పడ్డ చోటని స్థానికులు చెప్పుకుంటారు. నిజానికి సున్నపురాయి లోపల నీటికి కరిగి, పైకప్పు కూలింది. చుట్టూ గోడ కట్టి, మెట్లు వేసి, పార్కు చేశారు.

ఆయన డ్యూటీలో ఉండే మిగతా రోజులు మీరూ పాపా మస్కట్‌లోనే తిరగొచ్చు. మువాసలాత్ అనే ప్రభుత్వ బస్సులున్నాయి, ఆడవాళ్లు ఒంటరిగా తిరిగినా ఇబ్బంది లేదు. మత్రా బజారుకు సాయంత్రం వెళ్లండి. లుబాన్ పొగ వాసనే మిమ్మల్ని లోపలికి తీసుకెళ్తుంది. మన సాంబ్రాణిలాంటి ఈ బంక దక్షిణాన దోఫార్ ప్రాంతంలో చెట్లను గీస్తే కారుతుంది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్నది మేలురకం. చుట్టాలకు పంచడానికి బంగారం కంటే ఇదే మంచిది, బరువూ లేదు, ఖరీదూ తక్కువే. బేరం ఆడండి, ఏమీ అనుకోరు. అక్కడి చిల్లర నాణేన్ని బైసా అంటారు, మన పైసాయే. 1970 దాకా ఆ దేశంలో రూపాయి చెల్లేది, గల్ఫ్ రూపాయి అని మన రిజర్వు బ్యాంకే అచ్చువేసేది.

సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున 8 నుంచి 11 దాకా మనలాంటి వాళ్లకు తెరిచి ఉంటుంది. ఫుల్ చేతుల డ్రెస్సు, తల మీద చున్నీ తప్పనిసరి, పాపకూ అంతే. 2001లో తెరిచారు. దానికి వాడిన 3 లక్షల టన్నుల ఇసుకరాయి మన దేశం నుంచి వెళ్లింది. లోపల పరిచిన తివాచీ ఒక్కటే 21 టన్నులు. ఇరాన్‌లో 600 మంది ఆడవాళ్లు నాలుగేళ్లు నేశారు. అక్కడ అడుగుపెడితే ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గిపోతుంది. పాత మస్కట్‌లో సుల్తాన్ ప్యాలెస్‌కు దగ్గరలోనే మోతీశ్వర్ శివాలయం ఉంది, వందేళ్లకు పైబడింది. దార్సైత్‌లో కృష్ణుడి గుడి ఉంది. మీ మొదటి శుక్రవారం గుడికే పెట్టుకోండి, ఆయన కూడా ఉంటారు. ఆ సాయంత్రం పాపకు ఆయన ఏసీలు బిగించిన బిల్డింగులు కొన్ని చూపించమనండి. మా వాడు ఒకసారి వచ్చినప్పుడు నేను పనిచేసిన బిల్డింగు ముందు నిలబడి, ఏ అంతస్తు, ఏ కిటికీ అని పదిసార్లు అడిగాడు.

సలాలా గురించి కూడా ఎవరో చెప్పే ఉంటారు, కొబ్బరి తోటలు, వాన, పచ్చదనం అని. అది జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా ఉండే ఖరీఫ్ ముచ్చట. అవును, మన ఖరీఫ్ అనే మాటే. జనవరిలో ఆ పచ్చదనం ఉండదు, పైగా వెయ్యి కిలోమీటర్లు. ఇప్పుడు వద్దు.

తిండికి బెంగలేదు. ఏ పల్లెకు పోయినా మలయాళీ టీకొట్టు ఉంటుంది, పరోటా, గుడ్డు, చాయ్ దొరుకుతాయి. రూవీలో మన భోజనం దొరుకుతుంది. ఎవరైనా ఒమనీ ఇంట్లోనో కొట్టులోనో కాఫీ పోస్తే కాదనకండి. చిన్న గిన్నెలో ఏలక్కాయ వాసనతో పాలు లేని కాఫీ, పక్కన ఖర్జూరం. కుడిచేత్తో తీసుకోవాలి. చాలనుకుంటే గిన్నెను అటూఇటూ కొద్దిగా ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. బట్టలకు చుడీదార్, చున్నీ చాలు. రాత్రిళ్లు నిజ్వాలో చలేస్తుంది, ముగ్గురికీ స్వెట్టర్లు పెట్టండి.

సూట్‌కేసులో మసాలాలతో పాటు గసగసాలు పెట్టకండి. గల్ఫ్ దేశాలు చాలావాటిలో అవి మత్తుమందుల కిందికి వస్తాయి. ఎయిర్‌పోర్టులో దొరికితే పెద్ద గొడవ. మీరు వాడే మందులకు డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి. నొప్పి మాత్రలు కొన్ని అక్కడ నిషేధం, ఆయన్ని మెడికల్ షాపులో కనుక్కోమనండి. సూట్‌కేసులో చోటుంటే ఇంటి నుంచి సకినాలు తీసుకెళ్లండి. దారిలో ముగ్గురికీ పనికొస్తాయి, ఫలజ్ దగ్గర ఎవరైనా ఖర్జూరాలు పెడితే తిరిగి పెట్టడానికి మీ చేతిలోనూ ఏదో ఉంటుంది.

లీవు దరఖాస్తులో మొదటి తేదీ గురువారమే రాయించండి. ఒక్కరోజు అటూఇటూ అయితే నిజ్వా సంత పోతుంది.